పాత కంప్యూటర్‌లో జాగా అయిపోయినప్పుడు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒంగోలులో కంప్యూటర్లు బాగుచేసే నా బల్ల మీదికి వచ్చే పాత యంత్రాలలో సగానికి పైగా ఒకే ఫిర్యాదుతో వస్తాయి: డిస్కు నిండిపోయింది, ఏం తీసేయాలో తెలియడం లేదు. కావలి నుంచీ, టంగుటూరు నుంచీ, నెల్లూరు నుంచీ ఫోనులో అడిగేవారి సందేహాలు కూడా ఇవే కావడంతో, చెప్పిందే చెప్పే బదులు ఒకచోట రాసి పెట్టాను. ఇక్కడి సమాధానాలు విండోస్ 10 నడుస్తున్న ఏడెనిమిదేళ్ల పాత డెస్క్‌టాప్, ల్యాప్‌టాప్‌లను దృష్టిలో ఉంచుకుని రాసినవి. విండోస్ 7లో కొన్ని మెనూల పేర్లు వేరుగా ఉంటాయి. ఏ ప్రశ్నకు ఆ సమాధానం విడిగా చదువుకోవచ్చు.

## మొదటి దశ: ఏది నిండిందో చూసుకోవడం

సి డ్రైవ్ గీత ఎర్రగా మారింది. హార్డ్ డిస్క్ పోయినట్టేనా సార్?

పోయినట్టు కాదు. డ్రైవ్‌లో ఖాళీ 10 శాతం కన్నా తగ్గినప్పుడు విండోస్ ఆ నీలం గీతను ఎర్రగా చూపిస్తుంది. అది డిస్కు ఎంత నిండిందో చెబుతుందే తప్ప దాని ఆరోగ్యాన్ని గురించి ఏమీ చెప్పదు. 1 టీబీ డిస్కులో 90 జీబీ ఖాళీ ఉన్నా గీత ఎర్రగానే ఉంటుంది, అక్కడ తొందరపడవలసిన పని లేదు. అదే 60 జీబీ సి డ్రైవ్‌లో 2 జీబీ మాత్రమే మిగిలిందంటే అప్‌డేట్లు ఆగిపోతాయి, ప్రింటుకు పంపిన ఫైలు మధ్యలో నిలిచిపోతుంది, కొన్ని ప్రోగ్రాములు సేవ్ కూడా చేయవు. శాతం సంగతి అటుంచి, సి డ్రైవ్‌లో 15 నుంచి 20 జీబీ ఖాళీ ఎప్పుడూ ఉండేటట్లు చూసుకోవడం మేలని నా అనుభవం.

500 జీబీ డిస్క్ అని డబ్బులు కట్టాం, 465 మాత్రమే చూపిస్తోంది. షాపువాళ్లు మోసం చేశారా?

మోసం లేదు. డిస్కు తయారుచేసేవారు వెయ్యి చొప్పున లెక్కిస్తారు, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుంది. పుట్టి లెక్క ఊరికో తీరుగా ఉన్నట్టే ఇదీను. వడ్లు అవే, కొలత వేరు. ఆ లెక్కన 320 జీబీ డిస్కు 298గా, 500 జీబీ డిస్కు 465గా, 1 టీబీ డిస్కు 931గా కనిపిస్తాయి.

అయితే తిరునాళ్లలోనూ, బస్టాండ్ల దగ్గరా చవకగా అమ్మే 1 టీబీ, 2 టీబీ పెన్‌డ్రైవ్‌ల విషయం వేరు. వాటిలో కొన్ని, లోపల 8 జీబీయో 16 జీబీయో ఉండి, కంప్యూటర్‌కు మాత్రం పెద్ద అంకె చెప్పేటట్లు మార్చినవి. ఆ హద్దు దాటాక ఎక్కించిన ఫైళ్లు పేర్లతో కనిపిస్తాయి గాని తెరుచుకోవు. కొత్త పెన్‌డ్రైవ్‌ను ముందుగా హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత పరికరంతో పరీక్షించిన తరువాతే ముఖ్యమైనవి దానిలో పెట్టండి.

డి డ్రైవ్ అంతా ఖాళీగా ఉంది, సి ఒక్కటే నిండిపోయింది. ఎందుకిలా అవుతుంది?

డెస్క్‌టాప్ మీద పెట్టినవన్నీ సి డ్రైవ్‌లోనే ఉంటాయని చాలామందికి తెలియదు. డాక్యుమెంట్స్, పిక్చర్స్, వీడియోస్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లు కూడా మామూలుగా సి డ్రైవ్‌లోనివే. దానికి తోడు, మన వైపు కంప్యూటర్లు అసెంబుల్ చేసి ఇచ్చిన రోజుల్లో సి డ్రైవ్‌కు 50 జీబీయో 60 జీబీయో కేటాయించి, మిగిలినదంతా డి, ఇ డ్రైవ్‌లకు పంచడం అలవాటుగా ఉండేది. విండోస్ 7 నాటికి ఆ జాగా సరిపోయేది. 1903 అనే నంబరున్న వెర్షన్ నుంచి విండోస్ 10కే కనీసం 32 జీబీ డిస్కు కావాలని మైక్రోసాఫ్ట్ చెప్పడం మొదలుపెట్టాక, అది ఇరుకైపోయింది.

దీనికి ఫైళ్లు చెరపవలసిన అవసరమే లేదు. డి డ్రైవ్‌లో "నా ఫైళ్లు" అని ఒక ఫోల్డర్ చేసి, దాని లోపల డాక్యుమెంట్స్, పిక్చర్స్ అని విడివిడిగా ఫోల్డర్లు చేయండి. తరువాత అసలు డాక్యుమెంట్స్ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో లొకేషన్ అనే పేజీ తెరిచి, మూవ్ నొక్కి కొత్త చోటు చూపించండి. విండోస్ పాత ఫైళ్లను అక్కడికి చేరవేస్తుంది, ఇకమీదట వచ్చేవీ అక్కడికే చేరతాయి. ఒక్క జాగ్రత్త: ఏ ఫోల్డరూ చెప్పకుండా డి డ్రైవ్‌నే నేరుగా చూపించవద్దు. అలా చేస్తే డ్రైవ్ మొత్తం డాక్యుమెంట్స్‌గా మారి, వెనక్కి తిప్పడం చిక్కుగా తయారవుతుంది.

నేను కొత్తగా ఏమీ పెట్టలేదు. అయినా రోజురోజుకూ ఖాళీ ఎలా తగ్గిపోతోంది?

మీరు పెట్టకపోయినా కంప్యూటర్ తన పని కోసం పెట్టుకుంటూ ఉంటుంది. అప్‌డేట్ల కోసం దింపుకున్న ఫైళ్లు, బ్రౌజర్ దాచుకునే పేజీలు, వెనక్కి వెళ్లడానికి విండోస్ తీసి ఉంచే రీస్టోర్ పాయింట్లు, కంప్యూటర్‌లో వాట్సాప్, టెలిగ్రామ్ వాడుతుంటే వాటిలో వచ్చే ఫోటోలు, వీడియోలు అన్నీ సి డ్రైవ్‌లోకే వస్తాయి. ఊహించి వెతకడం కన్నా చూసి తెలుసుకోవడం సులువు. విన్‌డిర్‌స్టాట్ అనే ఉచిత ప్రోగ్రాము డ్రైవ్ మొత్తాన్ని చదివి, ఏ ఫోల్డర్ ఎంత జాగా తింటోందో పెద్దది ముందుగా వరుసపెట్టి చూపిస్తుంది. పాత హార్డ్ డిస్కు మీద అది పూర్తికావడానికి పావుగంట పట్టినా కంగారు పడవద్దు. దానిలోనే చెరిపే సదుపాయం కూడా ఉంది గాని, నేనైతే దానిని చూడడానికి మాత్రమే వాడతాను.

## రెండవ దశ: భయం లేకుండా తీసివేయదగినవి

బోలెడన్ని సినిమాలు డిలీట్ చేశాను. ఖాళీ ఒక్క ఎంబీ కూడా పెరగలేదేం?

డిలీట్ నొక్కిన ఫైలు రీసైకిల్ బిన్‌లోకి వెళ్లి అదే డిస్కు మీద కూర్చుంటుంది. బిన్‌ను కూడా ఖాళీ చేసిన తరువాతే జాగా తిరిగి వస్తుంది. ఖాళీ చేసేముందు ఒకసారి తెరిచి చూసుకోవడం మంచిది, ఎందుకంటే పొరపాటున చెరిపినవి దొరికే చివరి చోటు అదే.

డెస్క్‌టాప్ మీద గేమ్ ఐకాన్ తీసేశాను. గేమ్ పోయినట్టే కదా?

పోలేదు. బాణం గుర్తున్న ఐకాన్ ప్రోగ్రాముకు దారి చూపే బోర్డు మాత్రమే. బోర్డు పీకేస్తే ఊరు ఖాళీ కాదు. సెట్టింగ్స్‌లో యాప్స్ తెరిచి, జాబితాను సైజు ప్రకారం అమర్చి, అవసరం లేనివాటిని అక్కడి నుంచే అన్‌ఇన్‌స్టాల్ చేయాలి. ఏమిటో తెలియని పేర్లు, ముఖ్యంగా మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ అని వరుసగా కనిపించేవి, తీసివేయవద్దు. అవి వేరే ప్రోగ్రాములకు ఆధారం, పైగా జాగా కూడా పెద్దగా తినవు.

ముందుగా ఏది శుభ్రం చేయాలి?

సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్, అందులో టెంపరరీ ఫైల్స్ తెరవండి. విండోస్ కొంతసేపు లెక్కవేసి, తీసివేయదగినవాటిని గడులతో చూపిస్తుంది. టెంపరరీ ఫైల్స్, డెలివరీ ఆప్టిమైజేషన్ ఫైల్స్, థంబ్‌నెయిల్స్, విండోస్ అప్‌డేట్ క్లీనప్ అనే నాలుగింటినీ నిశ్చింతగా ఎంచుకోవచ్చు. ఎన్నడూ శుభ్రం చేయని కంప్యూటర్‌లో ఇక్కడే పది జీబీ దాకా దొరకడం చూశాను.

ఆ జాబితాలోనే డౌన్‌లోడ్స్ అని ఒక గడి ఉంటుంది. దానిలో టిక్కు పెట్టకండి. ఆ పేరు కింద ఉండేది చెత్త కాదు, మీరు దింపుకున్న సమస్తం. ఒకసారి ఒక పొగాకు వ్యాపారి కంప్యూటర్‌లో నేనే తొందరపాటున అన్ని గడులలోనూ టిక్కులు పెట్టి, ఆయన అక్కడే దాచుకున్న వేలం బిల్లుల పీడీఎఫ్‌లన్నీ పోగొట్టాను. ఇలా తీసివేసినవి రీసైకిల్ బిన్‌లోకి రావు. డిస్కు పాతకాలపు హార్డ్ డిస్కు కావడం, నేను వెంటనే కంప్యూటర్ ఆపివేసి, డిస్కును ఊడదీసి వేరే యంత్రానికి తగిలించి వెతకడం వల్ల చాలావరకు దొరికాయి. ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లేలు లేకుండా చిప్పులలో ఫైళ్లు దాచుకునే కొత్తరకం డిస్కు) అయి ఉంటే ఆ మాత్రమైనా దొరికేవి కావు, ఎందుకంటే చెరిపిన ఫైళ్ల జాగాను అది తానే తుడిచేసుకుంటుంది.

విండోస్ ఓల్డ్ అనే ఫోల్డర్ 20 జీబీ ఉంది. తీసేస్తే విండోస్ పోతుందా?

పోదు. కొత్త వెర్షన్‌కు మారినప్పుడు, నచ్చకపోతే వెనక్కి వెళ్లడానికి దాచిన పాత విండోస్ అది. పది రోజుల తరువాత విండోస్ తానే దానిని తీసివేస్తుంది. కొన్ని కంప్యూటర్లలో అది జరగక మిగిలిపోతుంది. అప్పుడు డిస్క్ క్లీనప్ తెరిచి, క్లీనప్ సిస్టమ్ ఫైల్స్ నొక్కి, ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టాలేషన్స్ అనే గడిని ఎంచుకుని తీసివేయాలి. తీసివేసేముందు ఆ ఫోల్డర్‌లోని యూజర్స్ తెరిచి, పాత డెస్క్‌టాప్ ఫైళ్లు ఏవైనా అక్కడే ఉండిపోయాయేమో చూడండి. మరమ్మతుకు ఇచ్చినచోట ఫార్మాట్ చేయకుండానే విండోస్ వేసి ఇచ్చినప్పుడు, పోయాయనుకున్న పిల్లల ఫోటోలు ఇక్కడ దొరికిన సందర్భాలున్నాయి.

హైబర్‌ఫిల్ అని ఒక పెద్ద ఫైలు కనిపిస్తోంది, డిలీట్ కావడం లేదు. ఏమిటది?

కంప్యూటర్‌ను హైబర్నేట్ చేసినప్పుడు, అంటే తెరిచి ఉన్న పనిని అలాగే ఉంచి ఆపినప్పుడు, ర్యామ్‌లో (పని జరిగేటప్పటి తాత్కాలిక మెమరీలో) ఉన్నదంతా రాసిపెట్టుకునే ఫైలు అది. విండోస్ 10లో మామూలుగా ర్యామ్‌లో 40 శాతం ఉంటుంది. 8 జీబీ ర్యామ్ ఉంటే 3.2 జీబీ అన్నమాట. నేరుగా చెరపడం కుదరదు, ఆ సదుపాయాన్నే ఆపాలి. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఇంగ్లీషులో పి, ఓ, డబ్ల్యూ, ఇ, ఆర్, సి, ఎఫ్, జి అక్షరాలను కలిపి కొట్టి, ఒక ఖాళీ వదిలి, ముందుకు వాలిన గీతా దాని పక్కనే హెచ్ కొట్టి, మరో ఖాళీ వదిలి ఆఫ్ అని రాసి ఎంటర్ నొక్కితే ఫైలు మాయమవుతుంది. ఆఫ్‌కు బదులు ఆన్ అని రాస్తే తిరిగి వస్తుంది. దీనితో ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆగిపోతుంది గనుక కంప్యూటర్ తెరుచుకోవడానికి కొంచెం ఎక్కువ సేపు పడుతుంది. బ్యాటరీ మీద నడిచే ల్యాప్‌టాప్‌లో ఈ ఫైలును ఉంచడమే నయం.

రీస్టోర్ పాయింట్లు మొత్తం తీసేయమంటారా?

మొత్తం వద్దు. దిస్ పీసీ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో సిస్టమ్ ప్రొటెక్షన్, అందులో కాన్ఫిగర్ తెరిచి, గరిష్ఠ పరిమితిని డ్రైవ్‌లో 3 నుంచి 5 శాతానికి తగ్గించండి.

కంప్యూటర్‌ను శుభ్రం చేసి స్పీడ్ పెంచుతామని ప్రకటనలు వస్తున్నాయి. వేయించుకోవచ్చా?

అవసరం లేదు. విండోస్‌లో ఉన్న సదుపాయాలే చాలు. ఆ ప్రకటనల ద్వారా వచ్చినవే తరువాత నేను తీసివేయవలసి వస్తోంది.

## మూడవ దశ: చేయి పెట్టకూడనివి

విండోస్ ఫోల్డరే 25 జీబీ చూపిస్తోంది. లోపల కొన్ని తీసేస్తే పోలా?

పోదు సరికదా, కంప్యూటరే తెరుచుకోకుండా పోవచ్చు. ఆ ఫోల్డర్‌లో విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ అనే ఉపఫోల్డర్ అన్నిటికన్నా పెద్దదిగా కనిపించి ఆశపెడుతుంది. దానిలోని ఫైళ్లలో చాలావాటికి ఒకటికి రెండు పేర్లు ఉండి, ఒకే ఫైలు రెండు చోట్ల లెక్కకు వస్తుంది గనుక, పైకి కనిపించే సైజు కన్నా అసలు తినే జాగా తక్కువ. దానిని తగ్గించవలసింది డిస్క్ క్లీనప్ ద్వారానే. ఇన్‌స్టాలర్ అనే మరో దాగిన ఫోల్డర్ ఉంటుంది. అది చెరిపితే అప్పటికి ఏమీ కానట్టే ఉంటుంది, ఆరు నెలల తరువాత ఆఫీసు సాఫ్ట్‌వేర్‌ను అప్‌డేట్ చేయబోయినా, తీసివేయబోయినా కుదరదు.

ప్రోగ్రామ్ ఫైల్స్‌ను కట్ చేసి డి డ్రైవ్‌లో పేస్ట్ చేయొచ్చా?

చేయకూడదు. ప్రోగ్రాము ఎక్కడ ఉందో విండోస్ తన రిజిస్ట్రీ అనే చిట్టాలో రాసుకుంటుంది. మీరు జరిపిన సంగతి దానికి తెలియదు. అన్‌ఇన్‌స్టాల్ చేసి, తిరిగి వేసేటప్పుడు డి డ్రైవ్‌ను ఎంచుకోవడమే మార్గం.

డ్రైవ్ ప్రాపర్టీస్‌లో కంప్రెస్ అని ఒక టిక్కు ఉంది. పెట్టొచ్చా?

పాత కంప్యూటర్ సి డ్రైవ్‌కు పెట్టవద్దని నా సలహా. ప్రతి ఫైలునూ విప్పి చదవవలసి రావడంతో, అసలే నెమ్మదైన ప్రాసెసర్ మీద భారం పెరుగుతుంది. ఫోటోలు, వీడియోలు ముందే కుదించినవి కాబట్టి మిగిలేది కూడా స్వల్పమే.

## నాలుగవ దశ: మన సొంత ఫైళ్లు

ట్యాలీ ఉన్న కంప్యూటర్ ఇది. 10000, 10001 అని అంకెల ఫోల్డర్లు ఉన్నాయి, చెత్తేనా?

దయచేసి వాటిని తాకవద్దు. ట్యాలీలో ఒక్కో కంపెనీ లెక్కలు అటువంటి అంకెల పేరున్న ఒక్కో ఫోల్డర్‌లో ఉంటాయి. చీమకుర్తి గ్రానైట్ ఆఫీసులోనైనా, రొయ్యల మేత దుకాణంలోనైనా డిస్కు నిండిందని శుభ్రం చేయడానికి కూర్చున్న కుర్రవాడికి పేరులేని అంకెలు చెత్తలాగే కనిపిస్తాయి. నిజానికి మామూలు దుకాణం లెక్కలు ఎంబీలలోనే ఉంటాయి కాబట్టి వాటిని తీసి కలిసొచ్చేది ఏమీ లేదు. పైగా జీఎస్‌టీ చట్టం ప్రకారం ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల దాకా లెక్కలు భద్రపరచవలసి ఉంటుంది. జాగా తినేది సాధారణంగా రోజూ తీసిన బ్యాకప్‌ల గుట్ట. వాటిలో కొత్తవి కొన్ని, ఆర్థిక సంవత్సరం చివరివి ఒక్కొక్కటి ఉంచుకుని, బయటి డిస్కులోకి కాపీ చేసి, అక్కడ ఒకటి రీస్టోర్ చేసి చూసిన తరువాత మిగిలినవి తీసివేయండి.

మాది ఫోటో స్టూడియో. పెళ్లిళ్ల సీజన్ దాటేసరికి డిస్కులన్నీ నిండిపోతున్నాయి. ఏది ఉంచాలి, ఏది తీయాలి?

ముందుగా టెంప్ ఫోల్డర్ చూడండి. ఫోటోషాప్ పని మధ్యలో కరెంటు పోయినా, ప్రోగ్రాము మూసుకుపోయినా, దాని తాత్కాలిక ఫైళ్లు జీబీల కొద్దీ అక్కడే మిగిలిపోతాయి. ఫోటోషాప్ మూసి ఉన్నప్పుడు వాటిని తీసివేయవచ్చు. ఫోటోషాప్ ఈ తాత్కాలిక ఫైళ్లు పెట్టుకునే చోటును, అంటే స్క్రాచ్ డిస్కును, సి నుంచి వేరే డ్రైవ్‌కు మార్చుకోండి.

ఆ తరువాత ఒక్కో పనిని మూడు భాగాలుగా చూడాలి: కెమెరా నుంచి వచ్చిన అసలు ఫోటోలు, ఆల్బమ్ డిజైను ఫైళ్లు, పార్టీకి ఇచ్చిన చివరి ప్రతులు. నెల్లూరు రొట్టెల పండుగ నాలుగైదు రోజులలో తీసిన వందల ఫోటోలలో దాదాపు ఒకేలా ఉన్నవి ఎన్నో ఉంటాయి. వాటిని ఏరి తీయడానికి ఆ వారంలోనే కూర్చోవాలి, ఏడాది తరువాత ఎవరికీ ఓపిక ఉండదు. ఆల్బమ్ అప్పగించాక డిజైను ఫైళ్లను బయటి డిస్కులోకి పంపించండి. కాపీ చేశాక రెండు వైపులా ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో ఫైళ్ల సంఖ్య, సైజు ఒకటేనా అని చూసి, నాలుగైదు ఫైళ్లు తెరిచి, ఆ తరువాతే ఇటు చెరపండి. కట్, పేస్ట్ వద్దు. మధ్యలో కేబుల్ కదిలితే ఏది ఎటు ఉందో తేలదు. బయటి డిస్కు ఒక్కటే ఉంటే అది బ్యాకప్ అనిపించుకోదు, ఫైలు చోటు మారిందంతే.

నెట్ సెంటర్ నడుపుతున్నాం. జనం పీడీఎఫ్‌లు వేలల్లో పేరుకున్నాయి. ఉంచాలా?

అడంగల్, హాల్ టికెట్, ఆధార్ ప్రింటు ఇచ్చి పంపిన తరువాత ఆ ఫైలు మీ దగ్గర ఉండవలసిన అవసరం లేదు. తినే జాగా కన్నా, ఊరందరి ఆధార్ ప్రతులు ఎవరైనా కూర్చునే కంప్యూటర్‌లో పడి ఉండడమే పెద్ద ముప్పు. ప్రతి రాత్రీ దుకాణం కట్టేముందు ఆ ఫోల్డర్‌నూ, రీసైకిల్ బిన్‌నూ ఖాళీ చేయండి.

గూగుల్ డ్రైవ్‌లో పెట్టేస్తే సరిపోతుందా?

కొంతవరకు సరిపోతుంది. ఉచితంగా ఇచ్చే 15 జీబీని జీమెయిల్, డ్రైవ్, ఫోటోస్ మూడూ పంచుకుంటాయి. 2021 జూన్ 1 నుంచి ఫోటోస్‌లోకి ఎక్కించేవీ ఆ లెక్కలోకే వస్తున్నాయి. వన్‌డ్రైవ్ ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. ముఖ్యమైన కాగితాలకు అది బాగానే ఉంటుంది, పెళ్లి వీడియోలకు చాలదు. వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లో ఫైలును డిలీట్ చేస్తే క్లౌడ్‌లో కూడా పోతుంది. కంప్యూటర్‌లో జాగా మాత్రమే కావాలంటే రైట్ క్లిక్ చేసి ఫ్రీ అప్ స్పేస్ ఎంచుకోవాలి.

పెన్‌డ్రైవ్ తెరిస్తే ఏమీ లేదు, కానీ నిండిపోయిందని చూపిస్తోంది. ఫార్మాట్ కొట్టమంటున్నారు.

కొట్టవద్దు. ఇది సాధారణంగా షార్ట్‌కట్ వైరస్ పని; అది మీ ఫోల్డర్లను దాచేస్తుందే గాని చెరపదు. ముందుగా విండోస్ సెక్యూరిటీతో స్కాన్ చేయించి, ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ కింద హిడెన్ ఐటమ్స్ టిక్కు పెట్టండి. అప్పటికీ కనిపించకపోతే ఫోల్డర్ ఆప్షన్స్‌లో, రక్షిత సిస్టమ్ ఫైళ్లను దాచమనే టిక్కు తీయండి. ఫైళ్లను వేరే చోటికి కాపీ చేసుకున్నాకే ఫార్మాట్ మాట.

బయటి హార్డ్ డిస్క్ ఎక్కడ పెట్టుకోవాలి?

కంప్యూటర్ బల్ల కింది అరలో మాత్రం వద్దు. 2021 నవంబరులో పెన్నా పొంగి ఇళ్లలోకి నీళ్లు వచ్చినప్పుడు నేల మీది సీపీయూ, కింది అరలోని బ్యాకప్ ఒకేసారి తడిసే అవకాశం ఎంత ఉందో తెలిసివచ్చింది. ఎత్తైన చోట, వీలైతే వేరే ఇంట్లో, ఒక ప్రతి ఉంచండి.

## ఐదవ దశ: డిస్కును మార్చడం, పెంచడం

డి లోంచి కొంత తీసి సి కి కలపొచ్చా?

కలపవచ్చు గాని షరతు ఉంది. విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సి డ్రైవ్‌ను పెంచాలంటే దానికి కుడివైపున ఆనుకునే కేటాయించని జాగా ఉండాలి. డి డ్రైవ్‌ను కుదిస్తే ఖాళీ దాని చివరన వస్తుంది కాబట్టి సి కి అందదు. డి లోని ఫైళ్లన్నీ బయటికి కాపీ చేసి, డి ని తీసివేసి, సి ని పెంచి, మిగిలినదానితో మళ్లీ డి ని చేసుకోవాలి. మధ్యలో రికవరీ భాగం అడ్డుంటే అదీ కుదరదు. బయట దొరికే ఇతర ప్రోగ్రాములు, డి లోని ఫైళ్లు తీయకుండానే దానిని పక్కకు జరుపుతామంటాయి, జరుపుతాయి కూడా. అయితే మధ్యలో కరెంటు పోతే రెండు డ్రైవ్‌లూ ప్రమాదంలో పడతాయి. యూపీఎస్ లేకుండా ఆ పని మొదలుపెట్టవద్దు.

కొత్త కంప్యూటర్ కొనకుండా ఎస్‌ఎస్‌డీ వేయిస్తే లాభం ఉంటుందా?

పాత యంత్రానికి పెట్టే ఖర్చులలో దీనికి మించినది నాకు కనిపించలేదు. జాగా కొరతా, నెమ్మదితనమూ ఒక్కసారే తీరతాయి. సాటా కనెక్టరున్న (మామూలు హార్డ్ డిస్కు తగిలించే రకం) ఏ డెస్క్‌టాప్‌కైనా, ల్యాప్‌టాప్‌కైనా 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ పనిచేస్తుంది, బోర్డులోకే గుచ్చే సన్నటి ఎం.2 రకం పాత బోర్డులలో పట్టకపోవచ్చు, కొనేముందు చూసుకోండి. ఆఫీసు పనికి 256 జీబీ చాలు. డెస్క్‌టాప్‌లో పాత హార్డ్ డిస్కును ఫైళ్ల కోసం అలాగే ఉంచుకోవచ్చు. ల్యాప్‌టాప్‌లో పాతది 9.5 మిల్లీమీటర్ల మందం, కొత్తది 7 ఉంటే, కదలకుండా చిన్న ఫ్రేము పెట్టాలి.

పాతదానిని ఉన్నదున్నట్టు క్లోన్ చేయాలంటే, పాత డిస్కులో వాడిన జాగా కొత్తదాని సైజు కన్నా తక్కువగా ఉండాలి. ఎస్‌ఎస్‌డీకి డీఫ్రాగ్ (చెదిరిన ఫైలు ముక్కలను ఒకచోట చేర్చడం) చేయవద్దు. దానికి కావలసిన ట్రిమ్‌ను, అంటే చెరిపిన ఫైళ్ల జాగా ఏదో డిస్కుకు చెప్పే పనిని, విండోస్ తానే చేసుకుంటుంది.

డిస్క్ లోంచి టక్ టక్ అని చప్పుడు వస్తోంది. ముందు ఖాళీ చేయాలా?

ఏమీ ఖాళీ చేయకండి. ఆ చప్పుడు వస్తుంటే శుభ్రం చేయడం, డీఫ్రాగ్ చేయడం, స్కాన్ పెట్టడం అన్నీ దాని ఆయుష్షును తగ్గించేవే. ఎక్కువ ముఖ్యమైన ఫైళ్లను ముందుగా కాపీ చేసుకుని, డిస్కు మార్పించండి.

విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది కదా, 11 వేసుకోవచ్చా? లేక లైనక్స్ మంచిదా?

విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు కనీసం 64 జీబీ డిస్కు, 4 జీబీ ర్యామ్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపుగా ఎనిమిదవ తరం నుంచి వచ్చినవాటినే అది అంగీకరిస్తుంది. పాత యంత్రాలలో ఎక్కువ భాగం ఇక్కడే ఆగిపోతాయి. విండోస్‌కు బదులు వేసుకోగల ఉచిత వ్యవస్థ లైనక్స్‌లో ఒక రకమైన లైనక్స్ మింట్‌కు 20 జీబీ డిస్కు, 2 జీబీ ర్యామ్‌తో పని మొదలవుతుంది. పిల్లల చదువుకు, ఇంటర్నెట్‌కు, ఉత్తరాలు రాసుకోవడానికి అది హాయిగా సరిపోతుంది. ట్యాలీ, అను స్క్రిప్ట్ మేనేజర్ (తెలుగు టైపింగు), పేజ్‌మేకర్ (పేజీల డిజైను) మీద బతికే దుకాణాలకు మాత్రం సిఫారసు చేయను, అవి విండోస్ కోసం తయారైనవి.

ఎస్‌ఎస్‌డీ వేశాక పాత హార్డ్ డిస్క్‌ను పాత సామాన్లవాడికి ఇచ్చేయొచ్చా?

కనీసం నెల రోజులు ఆగండి. మరిచిపోయిన ఫోల్డర్ ఏదో ఒకటి ఆ నెలలోనే గుర్తుకు వస్తుంది. చప్పుడు లేకుండా నడుస్తున్న డిస్కు అయితే యూఎస్‌బీ పెట్టెలో బిగించి రెండవ ప్రతి దాచుకోవడానికి వాడుకోవచ్చు. ఇచ్చేయదలిస్తే క్విక్ ఫార్మాట్ చాలదు, దాని తరువాత కూడా ఫైళ్లు తిరిగి తీయవచ్చు. ఫార్మాట్ పెట్టెలో క్విక్ అనే టిక్కు తీసివేసి పూర్తి ఫార్మాట్ చేయండి. 500 జీబీకి గంటలు పడుతుంది కాబట్టి రాత్రికి పెట్టి ఉదయం చూసుకోండి.